ఊడని కుట్టు

గుడియాత్తం సామ్యుల్ దృష్టిలో లోకంలోని పాదరక్షలన్నీ రెండు జాతులు: కుట్టినవి, అతికించినవి. రెండో జాతికి పరలోకంలో చోటు లేదని అతని దృఢవిశ్వాసం. తండ్రి దగ్గర తోలు కుట్టే ఆరె పట్టడం నేర్చుకున్నవాడు మరి. అయితే బూట్ల ఫ్యాక్టరీలో అతనికి దొరికిన ఉద్యోగం జిగురు పూయడం. పగలంతా పాపం చేసి, సాయంత్రాలు వీధివాళ్ళ చెప్పులు కుట్టి ప్రాయశ్చిత్తం చేసుకునేవాడు.

అతని కూతురు ఎవాంజలిన్ ఫుట్‌బాల్ క్రీడాకారిణి అయింది. స్కూల్లో ఖోఖో జట్టు నిండిపోతే, మిగిలిన ఆడపిల్లలను డ్రిల్లు మాస్టారు ఒక బంతి వెంట తోలాడు. అందరూ బంతి వెనక పరిగెత్తుతుంటే, ఈ పిల్ల మాత్రం అది ఎక్కడికి వస్తుందో అక్కడికి ముందే వెళ్ళి నిలబడేది. అలా వేలూరు కాలేజీకి, అక్కణ్ణుంచి చెన్నైలో జీతమిచ్చే క్లబ్బుకు చేరింది. ఆడపిల్ల బంతి తన్నితే జీతమిస్తారని చర్చిలో చెప్పినప్పుడు, పాస్టరుగారు కూడా స్తోత్రం అనడానికి ఒక క్షణం ఆలోచించారు.

మొదటి సీజనంతా ఆమె పని బెంచీ మీద కూర్చోవడం. ఆ పని శ్రద్ధగానే చేసింది. చివర్లో వేలూరులో ఒక మ్యాచ్ పడింది. సొంత జిల్లా కదా అని కోచ్ సురేంద్రన్ ఆమెను మొదటినుంచీ ఆడిస్తానన్నాడు. రాణిస్తే వచ్చే ఏడాదికి ఒప్పందం, లేకుంటే ఇంటికి. ముందురోజు ఇల్లు చూసి రమ్మని సెలవు కూడా ఇచ్చాడు, పుణ్యాత్ముడు.

ఆమె బ్యాగు దించీ దించకముందే సామ్యుల్ క్లబ్బు బూట్లు తీసి వెలుతురుకు పట్టాడు.

"ఏం మే, ఇది జిగురు పని."

"అందరివీ అంతే నాయనా. తేలిగ్గా ఉండాలని."

"ఇన్నేండ్లుగా పూస్తా ఉండా, నాకే చెప్తావా? రేపు అంతమంది ముందర అడుగు ఊడి నోరు తెరిస్తే?"

"తెరవదు. సుమ్మా ఉండు నాయనా, దిగులు పడొద్దు."

"ఊరోళ్ళ బూట్లకు నేను జామీను ఉండను. నా బిడ్డ బూట్లకు ఉంటాను."

ఆమె స్నానం చేసి, అన్నం తిని వచ్చేసరికి కార్యం పూర్తయింది. లోపల ఒక పొర గట్టి తోలు, చుట్టూ మైనం దారంతో పూసల వరసలాంటి కుట్టు. ఫ్యాక్టరీలో ఎవరూ అడగని పనితనాన్నంతా ఆ జతలో పెట్టేశాడు. ఆమె వేసుకుని అడుగు వేసింది. పాదం వంగలేదు.

"ఎట్ల ఉండాది?"

"బాగుండాది," అంది.

మర్నాడు సామ్యుల్ ఫ్యాక్టరీ మిత్రులతో గ్యాలరీలో ఆసీనుడయ్యాడు. ఆట మొదలుకాకముందే సురేంద్రన్ విషయం కనిపెట్టాడు.

"కాళ్ళకు చెక్కలు కట్టుకున్నావా ఏమి? భువన దగ్గర ఇంకో జత ఉండాది, మార్చుకో."

జట్టులోని భువన తన పాత జత తెచ్చి పక్కన పెట్టింది. సైజు కూడా సరిపోయేదే. ఎవాంజలిన్ గ్యాలరీకేసి చూసింది. సామ్యుల్ పక్కవాడికి వేలితో ఆమె కాళ్ళు చూపిస్తున్నాడు.

"ఇవే చాలు సార్," అంది.

ఆమె దగ్గరికి వచ్చిన ప్రతి బంతీ గోడకు తగిలినట్టు తిరిగి వెళ్ళిపోయింది. గోల్ ముందర ఖాళీగా దొరికిన ఒకే ఒక్క అవకాశాన్ని ఆమె తన్నిన తీరుకు, బంతి ఫ్యాక్టరీ మిత్రుల ఒళ్ళోకి చేరింది. వాళ్ళు చప్పట్లు కొట్టారు. విరామానికి సురేంద్రన్ ఆమెను బయటికి పిలిచేశాడు. ఒప్పందం రాలేదు. బూట్లు మార్చుకుని ఉంటే వచ్చేదా అంటే, చెప్పలేం. ఆ చెప్పలేకపోవడమే ఆమెను ఇప్పటికీ వదలడం లేదు.

ఇప్పుడు వేలూరులో ఒక స్కూల్లో పిల్లలకు ఆట నేర్పుతోంది. బూట్లు మాత్రం గుడియాత్తం ఇంట్లో, గాజు బీరువాలో, ఏసుప్రభువు పటం కింద వెలిశాయి. వచ్చినవాళ్ళకల్లా సామ్యుల్ దర్శనం చేయించేవాడు. "చూడప్పా, ఒక్క కుట్టైనా ఊడిందేమో." ఊడలేదు. ఆ ఇంట్లో అంత గట్టి వస్తువు మరొకటి లేదు.

మొన్నొక ఆదివారం ఆమె ఇంట్లో ఉండగా అతను దుమ్ము తుడవడానికి ఒక బూటు తీశాడు. చేతి అలవాటు కొద్దీ ముందుభాగాన్ని బొటనవేలితో నొక్కి వంచాడు. ఫ్యాక్టరీలో సరుకు పంపేముందు ప్రతి జతకూ చేసే పరీక్షే అది. వంగలేదు. మళ్ళీ వంచాడు.

"మే, ఆ పొద్దు గట్టిగా ఉండిందా?"

"లేదు నాయనా."

"నిజం చెప్పు."

"కొంచెం."

అతను బూటు లోపల పెట్టి బీరువా మూశాడు. సాయంత్రం పక్కింటి కుప్పుసామి చుట్టాన్ని వెంటబెట్టుకొచ్చి, ఆ కుట్టు ఒకసారి చూపించమన్నాడు.

"అవా?" అన్నాడు సామ్యుల్. "ఫ్యాక్టరీ బూట్లప్పా. చూసేదానికి ఏముండాది?"