కప్పు పడకముందు తవ్విన గుంత

బట్ట నేసే సాలోళ్ళ ఇంట్లో ముందు మగ్గం గుంత పడాలి, పొయ్యి ఆ తర్వాతే అని నేను నలుగురిలో గొప్పగా చెప్పేవాణ్ణి. అలాంటి రివాజు మాలో ఎక్కడా లేదు. గోడలు లేచి, కప్పు పడి, నేల గట్టిపడ్డాకే ఎవరైనా గుంత తవ్వుతారు. నేసేవాడు అంచు మీద కూర్చుని, కాళ్ళు లోపలికి దించి పలకలు తొక్కడానికి పనికొచ్చే గుంత అది. కప్పు లేని ఇంట్లో దానికి తొందరేముంది? తొందరంతా నాదే. పెద్దల మాటలా వినిపిస్తుందని ఆ రివాజును నేనే పుట్టించాను.

నిజాం రాజ్యం పోయిన కొత్తల్లో షోలాపూర్ వెళ్ళాను. అక్కడ అయిదేళ్ళు, సిరిసిల్లకు తిరిగొచ్చి పెళ్ళయ్యాక మరో నాలుగేళ్ళు పరాయి మగ్గాల మీదే నేశాను. పరాయి గుంత అంటే పరాయివాడి కాళ్ళ కొలత. నేను పొడగరిని. ఎక్కడ కూర్చున్నా మోకాళ్ళు వచ్చి గడ్డానికి తగులుతాయేమో అన్నట్టుండేది. పొద్దుగూకేసరికి నడుము పట్టేసేది, ఇంటికొచ్చి ఆ కోపమంతా భార్య మీద చూపించేవాణ్ణి. ఆమె పడుతుందా? నడుముకు నూనె రాస్తూనే అంటించేది.

"నీ కాళ్ళన్న నరికి పొట్టిగ జేస్కో, లేకుంటె సొంత గుంతన్న తవ్వుకో. రోజూ నా పానం దియ్యకు."

ఆ రెండో మాట నేను గట్టిగా పట్టుకున్నాను.

మానేరు వాగు వైపు, ఊరి చివర మా బాపు వదిలిపోయిన కొంచెం జాగా ఉండేది. అక్కడే ఇల్లు మొదలుపెట్టాం. మట్టి ఆమె తొక్కేది, గోడ నేను పెట్టేవాణ్ణి. మట్టి గోడ మన తొందర వినదు. మూరెడు ఎత్తు పెట్టి, అది ఆరేదాకా ఆగి, దాని మీద మళ్ళీ మూరెడు పెట్టాలి. ఆ ఆగడమే నాకు చేతకాదు. గోడ ఆరుతుంటే పక్కన నిలబడి తిట్టేవాణ్ణి. "గోడను దిట్టె మొగోన్ని నిన్నే జూసిన" అని ఆమె నవ్వేది. మా బిడ్డకు అప్పుడు రెండున్నరేళ్ళు. అవ్వ అని తను పిలిచే తల్లి తొక్కుతున్న మట్టిలోనే కూర్చుని, అందులోనే ఏవో రొట్టెలు చేసి, నాకు తినమని తెచ్చేది.

గోడలు పూర్తయ్యాయి. దూలం, వాసాలు ఎక్కాయి. గూనపెంకలు మాత్రం సగానికే వచ్చాయి, మిగతావి కావాలంటే కుమ్మరి ఇంకో ఆవం కాల్చాలి. ఉన్న పెంకలు పొయ్యి వైపు కప్పి, మగ్గం వైపు ఆకాశానికి వదిలేశాను. చేతిలో పని లేక, ఊరుకోలేక, అక్కడే గుంత తవ్వాను. ఈసారి నా కాళ్ళకు కొలిచి తవ్వాను. అంచు మీద కూర్చుని కాళ్ళు దించితే పాదాలు నేల మీద హాయిగా ఆనాయి. ఆ సుఖం ఎలాంటిదో పరాయి గుంతల్లో తొమ్మిదేళ్ళు కూర్చున్నవాడికే తెలుస్తుంది.

బిడ్డను అందులో నిలబెడితే తల ఒక్కటే పైకి కనిపించేది. కూర్చుందంటే అసలు కనిపించదు. అదొక ఆటయింది. నేను దూరంగా నిలబడి "బిడ్డేది? నా బిడ్డ యాడ వోయింది?" అనేవాణ్ణి. గుంతలోంచి జవాబు వచ్చేది.

"నేను లేను!"

నేను వెతికినట్టే వెతికి, చివరికి గుంతలోకి తొంగిచూసి ఎత్తుకునేవాణ్ణి. దించగానే మళ్ళీ గుంత వైపే పరుగు. ఆ గుంతను ఆటస్థలం చేసింది నేనే. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

ఎండాకాలం నడుమ ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలివాన వచ్చింది. గంటసేపు కొట్టి వెళ్ళిపోయింది. అప్పటికి మేం ఊళ్ళో కిరాయి అర్రలోనే ఉంటున్నాం. తెల్లవారి పనికి వచ్చేసరికి గుంతలో సగానికి పైగా ఎర్రనీళ్ళు. గుంత చుట్టూ తడిసిన నేలదీ, ఆ నీళ్ళదీ ఒకటే రంగు.

"గుంతల నీళ్ళు ఎత్తిపొయ్యి. పిల్ల ఆడ్నే తిరుగుతది" అంది ఆమె.

"ఇంకిపోతయి తియ్యి. గీ ఎండకు నీళ్ళు ఎంతసేపు నిలుస్తయి?"

మిగిలిన పెంకలు అప్పుడే వచ్చాయి. నా పానమంతా కప్పు మీదే ఉంది. కొంతసేపటికి ఆమె మళ్ళీ వచ్చింది, కింద నిలబడి తలెత్తి చెప్పింది.

"జర దిగి ఎత్తిపోసి ఎక్కరాదు? లేకుంటె గుంత మీద ఏమన్న అడ్డం వెట్టు."

"నీ లొల్లి ఏందే? ఒక్క వరుస అయినంక దిగుత."

ఆమె గోడల పూతకు కలుపుతున్న మట్టి దగ్గరికి వెళ్ళిపోయింది. నేను ఒక వరుస కప్పాను. చేయి బాగా సాగుతుంటే ఇంకో వరుస కప్పాను. బిడ్డ అవ్వ దగ్గర ఉందని నేననుకున్నాను. బాపు దగ్గర ఉందని ఆమె అనుకుంది. ఆ రోజు నేను "బిడ్డేది?" అని అడగలేదు, అందుకే "నేను లేను" అని ఎవరూ చెప్పలేదు.

చూసింది ఆమే. నేను కప్పు మీంచి ఎలా దిగానో నాకు గుర్తులేదు. దిగేసరికి బిడ్డ ఆమె ఒడిలో ఉంది, ఒళ్ళంతా ఎర్రమట్టి. ఆమె కొంగుతో ముఖం తుడుస్తూనే ఉంది. ఎంత తుడిచినా ఆ కళ్ళు తెరుచుకోలేదు.

మానేరు ఒడ్డున పెట్టి వచ్చాం. అక్కడ తవ్వడానికి నేను పార అందుకుంటే మా అన్న లాక్కున్నాడు. "నువ్వు తవ్వింది సాలు" అన్నాడు. ఏ ఉద్దేశంతో అన్నాడో తెలియదు. ఆ మాట మాత్రం నాలోనే ఉండిపోయింది.

ఊళ్ళో అందరూ ఒక్కో మాట అన్నారు. జాగా మంచిది కాదన్నారు, దిష్టి అన్నారు, ఇల్లు అమ్మేయమన్నారు. నాకు వాళ్ళెవరి మాటతోనూ పని లేదు. నా భార్య ఒక మాట అంటుందని చూశాను. "చెప్పిన గదా" అని. రెండుసార్లు చెప్పింది, రెండుసార్లూ నేను వినలేదు. అంత చిన్న మాట అనడానికి ఆమెకు హక్కుంది. అంటే ఏడ్చేవాణ్ణి, ఆమె కాళ్ళ మీద పడేవాణ్ణి. ఆమె అనలేదు. అన్నం పెట్టేది, నేతకు నూలు కండెలు చుట్టేది, నా ముఖం మాత్రం చూసేది కాదు. నేను మళ్ళీ పరాయి గుంతలో కాళ్ళు పెట్టాను. ఈసారి మోకాళ్ళు నొప్పి పుడితే బాగుండునని కూర్చున్నాను.

దసరా దాటాక ఒక పొద్దున పార తీసుకుని ఆ ఇంటికి వెళ్ళాను. గుంత పూడ్చేద్దామని. నాలుగు పారల మన్ను వేశానో లేదో, వాకిట్లో, కడప అవతల ఆమె నిలబడి ఉంది. ఆ రోజు తర్వాత అటు రావడం అదే మొదలు. లోపలికి రాలేదు.

"పూడ్వకు" అంది.

"ఎందుకే?"

"నేను లేను అని పిల్ల ఆన్నుంచే గదా అన్నది. గది గూడ పూడ్చుతవా?"

వేసిన మన్ను నేనే చేతులతో తోడేశాను. ఆమె అక్కడే నిలబడి చూసి వెళ్ళిపోయింది.

మా ఇల్లు చేరడం ఆ రోజే మొదలైందనుకుంటాను. వారం తర్వాత ఆమె చీపురు తెచ్చింది. వాకిలి ఊడ్చి, పేడనీళ్ళ సాన్పి చల్లి, కడప తొక్కకుండానే వెళ్ళిపోయింది. అలా ఎన్నో రోజులు చేసింది. ఒక రోజు ఉప్పు కుండ తెచ్చి పొయ్యి పక్కన పెట్టింది. తర్వాత రాట్నం వచ్చింది. పగలంతా అక్కడ కండెలు చుట్టి, పొద్దుగూకగానే కిరాయి అర్రకు వెళ్ళిపోయేది. నేనేమీ అడగలేదు. నా బతుకులో నేను తొందర పెట్టని పని ఆ ఒక్కటే. మంచం నేను మోసుకొచ్చాను. చివరికి వచ్చింది బిడ్డ గౌను. దాన్ని మడిచి, గోడలో దీపం పెట్టే దిగూట్లో పెట్టింది. పాలు పొంగించలేదు, ముహూర్తం అడగలేదు, ఎవరినీ పిలవలేదు. ఇల్లు చేరింది ఏ రోజని ఎవరన్నా అడిగితే నేను చెప్పలేను.

మగ్గం దించాను. నేయడానికి ఆ గుంతలో మొదటిసారి కాళ్ళు పెట్టిన రోజు పలక తొక్కలేకపోయాను. పాదాలు నేలకు ఆనించకుండా పైకే పట్టుకుని కూర్చున్నాను. నా కాళ్ళకు అంత బాగా కుదిరిన గుంత మరి లేదు, అదే నా నరకం. ఆమె వచ్చి పక్కన కండెల గంప పెట్టింది. "నెయ్యి" అంది. నేశాను.

మరుసటి ఏడు వానాకాలంలో నాలుగు రోజుల ముసురు పట్టింది. ఇప్పుడు కప్పు ఉంది, ఒక్క చుక్క కారలేదు. కానీ మానేరు నిండితే మా వైపు భూమిలోంచి ఊట వస్తుంది. పొద్దున లేచేసరికి గుంతలో జానెడు నీళ్ళు. నేను పరుగున ఇనప తట్ట తెచ్చేసరికి ఆమె అప్పటికే గుంతలో దిగి ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని, ఇత్తడి చెంబుతో ఎత్తి బయట పోస్తోంది. మళ్ళీ ముంచుతోంది, మళ్ళీ పోస్తోంది. నేను ఇక ఆగలేకపోయాను.

"అనవే. ఇప్పటికన్న అను. నువ్వు చెప్పినవు, నేను ఇనలె. నేను సంపిన. ఆ మాట నీ నోటితోని అను."

ఆమె చెంబు ఆపింది. ఏడాదికి పైగా చూడని నా ముఖం వైపు అప్పుడు చూసింది.

"రెండోసారి చెప్పేటప్పుడు గీ చెంబు నా చేతిలనే ఉండె" అంది. "మట్టికి నీళ్ళు పోస్తుంటిని. నేనే ఎత్తిపోస్త అనుకున్న. ఎంతసేపు పని? గాని నాకు కోపమొచ్చింది. చెప్తె ఇనవాయె. ఉండనీ, రేపు బురదల కాళ్ళు వెడ్తడు, అప్పుడు తెలుస్తది అని చెంబు ఆడ్నే బోర్లిచ్చి పోయిన. నువ్వు నన్నెప్పుడు అడుగుతవా అని చూస్తున్న. చేతిల చెంబు వెట్టుకోని ఎందుకు ఎత్తిపొయ్యలేదే అని."

నేనెప్పుడూ అడగలేదు. నాకా ఊహే రాలేదు. నా పాపం మోయడంలో పడి, పక్కనే అదే బరువుతో మరో మనిషి ఉందని చూడలేదు. ఆమె నా ముఖం చూడకపోవడం నా మీద కోపం కాదు, భయం. గుంతలోకి దిగాను. ఇద్దరం ఆ చలినీళ్ళలో కూర్చుని ఏడ్చాం. బిడ్డ పోయాక ఒకేచోట కూర్చుని ఏడవడం అదే మొదటిసారి. తర్వాత ఆమె చెంబుతో, నేను తట్టతో మిగిలిన నీళ్ళు ఎత్తిపోశాం.

ఇప్పటికీ వానాకాలం వస్తే ఆ గుంతలో ఊట వస్తుంది. ముందు ఎవరు చూస్తే వాళ్ళే చెంబు తీసుకుని దిగుతాం. ఎత్తిపొయ్యమని ఒకరికొకరం చెప్పుకోం.