ఖాళీగా వదిలిన ఉదయం

వేలూరు వాతావరణ కార్యాలయంలో నేను చేరిన నాటినుంచీ ఒక పద్ధతి ఉండేది. పొద్దున రీడింగు తీయడానికి ఎప్పుడూ ఇద్దరం వెళ్లేవాళ్లం. థర్మామీటర్లుండే తెల్ల చెక్కపెట్టె తలుపు తీసి ఒకరు అంకె పైకి చదవాలి. రెండోవారు దాన్ని గట్టిగా తిరిగి చెప్పి రాసుకోవాలి. మా అరుపులు విని గేటు దగ్గర ఇడ్లీలమ్మే ఆమె రోజూ నవ్వేది. నవ్వితే నవ్వనీ, ఒకరు పొరబడితే ఇంకొకరు పట్టుకునేవాళ్లం.

కొత్త అధికారి వచ్చీ రాగానే దీని మీద పడ్డాడు. ఒక్క అంకె చూడ్డానికి ఇద్దరెందుకన్నాడు. షిఫ్టుకు ఒక్కరినే ఉంచి, మిగిలినవాళ్లను తన గది పక్కన కూర్చోబెట్టి పై ఆఫీసుకు పంపే రిపోర్టులు, రంగుల చార్టులు చేయించాడు. మాకు ఒళ్లు మండింది. టీ కొట్టు దగ్గర రోజూ ఆయన్ని ఉతికి ఆరేసేవాళ్లం. తీరా అర్జీ పెడదామంటే ఒకాయనకు కూతురి కాలేజీ గుర్తొచ్చేది, ఇంకొకాయనకు బదిలీ భయం పట్టుకునేది. సీనియర్‌ని కాబట్టి నేనే వెళ్లి అడిగాను. మనిషికి ఏదైనా అయితే పక్కన ఎవరుంటారన్నాను. ఫోన్ ఉంది కదా మేడమ్ అని కంప్యూటర్ వైపు తిరిగాడు.

దీపావళి వానల్లో ఒకరోజు, గుడియాత్తంనుంచి బస్సులో వచ్చే మా తోటి ఉద్యోగి జ్వరంతోనే డ్యూటీకి వచ్చాడు. సెలవడిగితే మారు మనిషి లేడన్నారట. రీడింగు వేళకు చెక్కపెట్టె వైపు నడుస్తూనే తడినేల మీద పడిపోయాడు. ఇడ్లీలమ్మే ఆమె చూసి, ఆటో పిలిచి ఆసుపత్రికి చేర్చింది. నేను ఆఫీసుకు వెళ్లేసరికి రీడింగు వేళ దాటిపోయింది.

అధికారి నన్ను పిలిచి, రిజిస్టరులో ఆ పొద్దుటి గడిలో ముందు రీడింగుకీ తర్వాతి రీడింగుకీ మధ్యలో ఏదో ఒక అంకె వేసి సంతకం పెట్టమన్నాడు. ఖాళీ కనబడితే పై ఆఫీసువాళ్లు ఎందుకని అడుగుతారు. అడిగితే ఒంటరి షిఫ్టుల సంగతి బయటపడుతుంది. అదీ ఆయన బాధ. నేను వేయకపోతే, డ్యూటీ వదిలి వెళ్లాడని ఆ పడిపోయిన మనిషి మీద చర్య తీసుకుంటానన్నాడు. జ్వరంతో పడున్నవాణ్ణి అడ్డం పెట్టుకుని నన్ను వంచాలని చూస్తాడా! కానీ పోయే ఉద్యోగం నాది కాదు, అతనిది. అతన్ని అడగకుండా మొండికేసే హక్కు నాకెక్కడిది? ఆసుపత్రినుంచి ఇంటికి పంపారని తెలిసిన రోజే గుడియాత్తం బస్సెక్కాను.

అతని భార్య అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. నాకు కాఫీ ఇచ్చి, సంగతంతా విని, ఎదురుగా కూలబడింది.

"ఒక్క నంబరే గదక్కా. రాసేస్తే ఏం పోతాది? ఈయన ఉద్యోగం పోతే మేం యాడికి పొయ్యేది?"

ఆమె అడిగినదాంట్లో తప్పేముంది? చాప మీదినుంచి అతనే మెల్లగా లేచి కూర్చున్నాడు.

"రాయొద్దక్కా. ఆ పొద్దు నేను చూడలా, పడిపోయినాను. ఇప్పుడు నంబరు రాస్తే నేను పడిపోలేదనే గదా అర్థం."

ఆమె మొహం తిప్పుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను వచ్చేటప్పుడు కూడా బయటికి రాలేదు.

మర్నాడు ఆ గడిని ఖాళీగానే వదిలేశాను. పక్కన, రీడింగు తీయాల్సిన మనిషి స్పృహ తప్పాడనీ, తోడు ఎవరూ లేరనీ రాసి సంతకం పెట్టాను. మా ఇద్దరికీ మెమోలు వచ్చాయి. వస్తాయని తెలుసు. తెలియనిది ఒక్కటే, అదే రోజు మావాళ్లంతా అర్జీ మీద సంతకాలు చేస్తారని. మొదటి సంతకం కూతురి కాలేజీ ఆయనదే.

అతను కోలుకుని డ్యూటీకి వచ్చిన రోజు కూడా షిఫ్టుల చార్టులో ఒక్క పేరే ఉంది. నాకు సెలవైనా తోడు నిలబడదామని వెళ్లాను. నాకంటే ముందే అతని పక్కన, ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, గొడుగు పట్టుకుని అతని భార్య నిలబడి ఉంది. అధికారి కారు దిగి, బయటివాళ్లు లోపలికి రాకూడదు, ఎవరు నువ్వని తమిళంలో గద్దించాడు. ఆమె తమిళంలోనే నెమ్మదిగా జవాబు చెప్పింది.

"రెండో మనిషిని సార్. మీరు ఇంకొకర్ని ఇచ్చేదాకా నేనే వస్తాను."

నేను వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను. లోపల రిపోర్టులు చేస్తున్నవాళ్లు ఒక్కొక్కరే కుర్చీలు వెనక్కి జరిపి బయటికి వచ్చారు. గదిలో ఎవరూ మిగల్లేదు.

ఆ తర్వాతి చార్టులో ఇద్దరిద్దరి పేర్లు పడ్డాయి. మెమోలు మాత్రం ఇంకా మా నెత్తిమీదే ఉన్నాయి. ఉండనీ. ఆ గడిలో అంకె వేసేది లేదు.