నేను మార్చి చదివిన ఆఖరి పేజీ

మా చిన్నప్పుడు... మధ్యాహ్నం అమ్మ చేపల తట్ట దించి, చుట్టకుదురు పక్కన పడేసి, గడపలో కాళ్ళు బారజాపుకుని కూర్చునేది. అండమాన్‌లో మా ప్రోతరాపూర్ నుంచి ఆస్టినాబాద్ దాకా వీధివీధీ తిరిగి వచ్చిన కాళ్ళు అవి. నేను పక్కనే కూర్చుని నవల చదివి వినిపించేదాన్ని.

అట్ట చిరిగిపోయిన నవల... వైజాగ్ నుంచి ఓడలో వచ్చిన పక్కింటి భయ్యా ఇచ్చాడు. బడిలో నాకు అంతా హిందీయే. నాన్న నేర్పిన తెలుగు అక్షరాలతో కూడబలుక్కుంటూ చదివేదాన్ని. కొండవీటి చాంతాడంత కథ! కొంతమంది ఆకాశనౌక ఎక్కి ఇంకో నక్షత్రానికి బయల్దేరతారు. దారిలోనే పిల్లలు పుడతారు, ముసలివాళ్ళవుతారు...

అమ్మ అనుమానాలు అమ్మవి. అన్నేళ్ళకి సరిపడా మంచినీళ్ళు ఎక్కడ పట్టుకున్నారని అడిగేది. ఓడ ఊగితే వాంతులు కావా అనేది. చివరికి మాత్రం రోజూ ఒకటే ప్రశ్న.

"మరి ఆలు ఎనక్కొస్తారేటే?"

పెళ్ళై ఓడెక్కి అండమాన్ వచ్చిన అమ్మ మళ్ళీ తన ఊరు చూడలేదు. వాళ్ళమ్మ పోయిన కబురు కూడా నెల తర్వాత ఉత్తరంలో వచ్చిందట. అందుకే ఆ ప్రశ్న వింటే నాకు భయం వేసేది.

ఒకరోజు ఆగలేక ఆఖరి పేజీ ముందే చదివేశాను. వాళ్ళు వెనక్కి రారు... ఆ కొత్త నేల మీదే ఉండిపోతారు. ఏడుపొచ్చింది. అమ్మకి ఆ మాట ఎలా చెప్పను? కథ ఆఖరికొచ్చిన రోజు పుస్తకంలోకి చూస్తూనే, అందరూ క్షేమంగా సొంత ఊరు చేరారని చదివేశాను.

అమ్మ సంతోషిస్తుందనుకున్నాను. పాదాలు నొక్కుకుంటూ తల అడ్డంగా ఊపింది.

"అన్నేళ్ళకి ఎల్తే అక్కడ ఆలని ఎవులు గుర్తుపడతారే? ఆ సుక్క మీదే ఉండిపోవాల్సింది. రాసినోడికి ఏటీ తెల్దు."

రాసినాయన కూడా అదే రాశాడని చెప్పలేకపోయాను. చెబితే నా అబద్ధం బయటపడుతుంది. ఆయన మీద ఆ నింద అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు అమ్మ లేదు. నవలని వానాకాలపు చెమ్మ, చెదలు కలిసి తినేశాయి. విమానంలో రెండు గంటలే కదా అని పోయినేడు అమ్మ పుట్టిన ఊరికి వెళ్ళాను. అమ్మ పేరు, తాత పేరు చెప్పాను... ఎవరికీ తెలియలేదు. "మీది ఏ ఊరమ్మా?" అని నన్నే అడిగారు. అలసిపోయి తిరిగొచ్చేశాను.

మీరూ ఎవరికోసమైనా ఇలా కథ మార్చి చదివారా? నిజం చెప్పడానికి వాళ్ళింకా ఉంటే... ఇవాళే చెప్పేయండి.