వకీళ్ళ వాకిళ్ళలో కృపమ్మ

1981 ఎండాకాలంలో కోర్టు అమీను వచ్చి కృపమ్మ ఇంటి తలుపుకు ఒక కాగితం అంటించి పోయాడు. నలభై రోజుల్లో ఇల్లు వేలం వేస్తారని పక్కింటి టీచరమ్మ చదివి చెప్పింది.

కృపమ్మ హనుమకొండలో ఒక ప్రైవేటు దవాఖానలో ఆయా. నెలకు నూట ఎనభై జీతం. భర్త ఇస్సాకు లారీలో వాటా కోసం ఈ రెండు గదుల పెంకుటింటిని పరకాల షావుకారుకు తాకట్టు పెట్టి, ఆ తర్వాత కామెర్లొచ్చి చనిపోయాడు. అప్పున్నట్టు ఆమెకు తెలుసు. కోర్టులో దావా నడిచిందని, తీర్పు కూడా అయిపోయిందని మాత్రం ఆ కాగితం వచ్చేదాకా తెలియదు.

సెలవు పెట్టి సుబేదారిలో ఒక పెద్ద వకీలు ఇంటికి పోయింది. వరండాలో గుమాస్తా కాగితం అందుకోకముందే, "ఎంత తెచ్చినవమ్మా?" అని అడిగాడు. ఐదు వందలు లేనిదే సారు మాట్లాడడట. ఇంకో వకీలు సగం విని, ఆ షావుకారు తన క్లయింటేనని లేచి వెళ్ళిపోయాడు.

కమ్మలు అమ్మి రెండు వందలు తెచ్చి మరొకాయనకు ఇచ్చింది. ఆయన వకాలత్ మీద వేలిముద్ర వేయించుకుని, కోర్టు నుంచి దావా కాగితాల నకళ్ళు తెప్పించాడు. వాయిదా రోజున కోర్టు వరండాలో సాయంత్రం దాకా నిలబడ్డా ఆ వకీలు రాలేదు. మర్నాడు ఇంటికి పోతే గుమాస్తా ఎదురొచ్చి, "సారు హైదరాబాద్ పోయిండు" అన్నాడు.

"సారు రాకుంటే మాయె. నువ్వన్న జర ఆ కాయితాలు మొత్తం చదివి చెప్పు బిడ్డా."

"చదివేతందుకే ఫీజమ్మా."

"ఇచ్చిన గదా."

"అది ఫైలు ఖర్చులకు అయిపోయింది."

ఆ కాగితాలు తిరిగి తెచ్చుకోవడానికే మూడుసార్లు తిరగాల్సి వచ్చింది. తిరిగిన ప్రతిరోజూ జీతంలో కోతే. వేలానికి పదిహేను రోజులే మిగిలాయి.

ఆ వారమే దవాఖానలో ఒక ముసలామె చేరింది. ఆమె కూతురు శకుంతల వకీలని తెలిసి, కృపమ్మ కాగితాల మూట తెచ్చి ముందు పెట్టింది. శకుంతల ప్రాక్టీసు పెట్టి రెండేళ్ళయింది, కేసులు పెద్దగా లేవు. తల్లి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని అన్నీ చదివింది.

"ఇస్సాకు ఎప్పుడు పోయిండమ్మా?"

"డెబ్బై ఏడు ఆగస్టుల."

"ఈ దావా వేసింది డెబ్బై ఎనిమిది మార్చిల. సచ్చిపోయిన మనిషి మీద వేసిన్రు. ఈ తీర్పు చెల్లదు."

కృపమ్మ కాగితం మీదికి వంగింది. "గా తారీఖు ఎక్కడుంది?"

"మొదటి పేజీలనే ఉంది."

"మరి గంతమంది వకీళ్ళకు కనబడలేదా?"

శకుంతల కాగితాలను వరుసగా సర్దింది. ఫీజు నెలకు పది రూపాయల చొప్పున తీసుకుంటానంది. "ఊరికే చేస్తే రేపు నేను తప్పు చేసినా నువ్వు అడగలేవు" అంది. ఆ మాట కృపమ్మకు నచ్చింది.

కృపమ్మ పోయే చర్చి పాస్టరు ఇమ్మానుయేలు రిజిస్టరు చూసి ఇస్సాకు సమాధి తేదీ రాసిచ్చాడు. వేలానికి రెండు రోజుల ముందు స్టే వచ్చింది. కాని ఆ తీర్పును కొట్టేయడానికి కోర్టుకు రెండేళ్ళు పట్టింది. జడ్జి సెలవనో, అవతలి వకీలు రాలేదనో పదకొండు వాయిదాలు పడ్డాయి.

కొట్టేసిన రోజు కోర్టు బయట శకుంతల నెమ్మదిగా అసలు సంగతి చెప్పింది: "అప్పు పోలేదమ్మా. ఈసారి నీ పేరు మీద మల్లా దావా వేస్తడు."

"అంటే మల్లా మొదటికొచ్చిందా?"

కొత్త దావా అంటే మళ్ళీ ఏళ్ళు పడుతుందని శకుంతల ఇద్దరికీ నచ్చజెప్పింది; చివరికి షావుకారు, కృపమ్మ రాజీకొచ్చారు. కృపమ్మ నెలకు అరవై రూపాయల చొప్పున నాలుగేళ్ళు కట్టింది. 1987లో ఆఖరి కిస్తీ కట్టినా షావుకారు తాకట్టు కాగితం ఇవ్వకుండా రెండు నెలలు తిప్పాడు. కృపమ్మ శకుంతలను వెంటబెట్టుకుని బస్సులో పరకాల పోయి, కొట్టు ముందు మధ్యాహ్నం దాకా కూర్చుని, కాగితం చేతికొచ్చాకే లేచింది. దవాఖానలో ఆ రోజు జీతం కూడా కోసుకున్నారు.