పదకొండో పొట్టేలు

నేను రిటైరవడానికి ఏడాది ముందు, తొలకరి రోజుల్లో, మా కంపెనీ నన్ను దామరచర్ల దగ్గరి థర్మల్ ప్లాంటు పనులకు సీనియర్ వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్‌గా పంపింది. బాయిలర్ గొట్టాలు అతకడం మా కాంట్రాక్టు. అతుకు వేసేది వెల్డర్, వేయించేది ఫోర్‌మన్. ఇన్‌స్పెక్టర్ దాన్ని ఒప్పుకుంటాడు, లేదా కోయిస్తాడు. ముప్పై మూడేళ్ల సర్వీసులో మొదటి పదేళ్లు నేనూ వెల్డర్‌నే. ఆ పదేళ్లలో నా అతుకు ఒక్కటి కూడా ఎవరూ కోయించలేదు. ఈ మాట ఎవరు అడిగినా అడగకపోయినా చెప్పే అలవాటు నాకుండేది.

నా ఇల్లు సూర్యాపేటలో. ఆదివారం సెలవు. ఆ ఆదివారాలను నా చెల్లెలి భర్త సైదులు లాక్కున్నాడు.

సైదులుది గరిడేపల్లి. మా ఇద్దరివీ గొర్రెలు కాచుకునే ఇళ్లే. నేను ఐటీఐ చదివి వెల్డింగ్‌లో పడ్డాను, అతను మంద పెంచుకుంటూనే గొర్రెల బండి తోలాడు. ఇరవై ఏళ్లు ఊరూరి సంతలకు జీవాలను మోశాడు. వయసు నలభై ఆరు. నిదానస్తుడు. అలాంటి మనిషి ఒకరోజు భోజనాల దగ్గర, ఫోన్‌లో కార్ల రేసు చూపిస్తూ, "బావా, నాకొక్కసారి గీ గీత కాడ నిలవడాలని ఉన్నది. గెలవకున్నా సరే" అన్నాడు. నేను నవ్వాను. అతను నవ్వలేదు. అప్పటికే చెన్నై అవతలి ట్రాక్‌లో ఒకరోజు శిక్షణ తీసుకుని, కొత్తవాళ్లకిచ్చే లైసెన్సు కూడా తెచ్చుకున్నాడని అప్పుడే తెలిసింది. కొత్తవాళ్ల రేసు ఏడాదికి ఒక్కసారి ఉంటుంది. దానికి ఇంకా నాలుగు నెలలుంది. కావలసింది కారు.

బడ్జెట్ తేల్చింది నా చెల్లెలు మంగమ్మ. "పది పొట్టేళ్లు అమ్ముకోండ్రి. పదకొండోదాని మీద చెయ్యి పడ్డదంటే మీ ఇద్దరికీ నా ఇంట్ల బువ్వ లేదు. గదీ ఈ ఒక్క ఏడే. మల్ల ఏడు రేసు అంటే ఊకోను" అంది. ఆ రోజు నుంచి మా లెక్కంతా పొట్టేళ్లలోనే నడిచింది. నడిచే స్థితిలో ఉన్న పాత మూడు సిలిండర్ల చిన్న కారుకు నాలుగు పోయాయి. సీటు, బెల్టు, హెల్మెట్, మంటలకు తట్టుకునే బట్టలు, మంటలార్పే సిలిండరు మాత్రం కొత్తవే కొనాలని నేను పట్టుబట్టాను. వాటికి మరో నాలుగు. టైర్లు, బ్రేకులు, ఇంజన్ పనికి ఒకటి. చివరిది పైపులకు.

ఆ పైపులు నా విభాగం. రేసు కారు లోపల డ్రైవర్ చుట్టూ ఇనుప గొట్టాలతో ఒక పంజరం కట్టాలి. కారు పల్టీ కొట్టినా లోపలి మనిషి నలగకుండా కాపాడేది అదే. రూల్స్ పుస్తకంలో పైపు మందం కనీసం రెండున్నర మిల్లీమీటర్లుండాలని ఉంది. కనీసం అన్న మాట కనబడితే దానికి పైనే నిలబడటం మా వృత్తి. నేను సూర్యాపేటలో అతుకు లేని పైపు చూసి, అయిదు మిల్లీమీటర్లది తీసుకున్నాను. లోపల కూర్చునేది నా చెల్లెలి మొగుడు కదా.

కారు విప్పింది కోదాడలో, ఇంజన్ మెకానిక్ రామారావు షెడ్డులో. వెనక సీట్లు, తివాచీలు, ఏసీ, డోర్ల లోపలి అట్టలు, అన్నీ పీకేశాడు. నేను ఆరు ఆదివారాలు పంజరం కట్టాను. ప్రతి మూలకూ బలానికి పలక ముక్కలు, కారు నేల మీద, పైపుల కాళ్ల కింద పది మిల్లీమీటర్ల దిమ్మ పలకలు. ప్రతి అతుకుకూ సైటులో చేసే రంగు పరీక్షే చేశాను. శుభ్రంగా తుడిచి ఎర్ర ద్రవం చల్లాలి. కాసేపు ఆగి, దాన్ని తుడిచేసి, పైన తెల్ల పొడి కొట్టాలి. అతుకులో వెంట్రుకంత పగులున్నా తెల్లదనం మీద ఎర్ర గీత తేలుతుంది. ఒక్కదానిలోనూ తేలలేదు. రామారావు చూస్తూ నిలబడి "బాగుందండీ" అని ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం నాకు పొగడ్తలాగే వినిపించింది.

నాలుగు చక్రాల మీదా బరువు ఎలా పడుతుందో చూసుకుంటేనే కారు మలుపులో నిలకడగా తిరుగుతుంది. దానికి వేరే యంత్రాలుంటాయి, వాటి ధర మా పొట్టేళ్లకు అందేది కాదు. మిర్యాలగూడలో అంతకంటే మంచి వసతి ఉంది. ఒక రైస్ మిల్లులో బస్తాలు తూచే కాంటాలు నాలుగు వరసగా పెట్టించి, ఒక్కో చక్రం కింద ఒక్కోటి ఉంచి కారు ఎక్కించాం. అక్కడ కాంటా చూసే పద్మ చాలా ఏళ్లుగా ఆ పనిలో ఉంది. నాలుగు అంకెలూ కూడి ఆరు వందల డెబ్బై రెండు కిలోలని చెప్పింది.

నేను మళ్లీ కూడమన్నాను. మళ్లీ అంతే వచ్చింది. షోరూమ్‌లోంచి సీట్లతో, ఏసీతో వచ్చిననాటి కంటే ఇరవై కిలోలు ఎక్కువ.

"సారూ, దీన్ల ఏం మోస్తరు?" అని అడిగింది పద్మ.

"ఏం మొయ్యమమ్మా. ఒక్క మనిషి కూసుంటడు, అంతే."

"మరి గీ బరువంత ఎవలికోసం?"

అప్పుడు రామారావు నెమ్మదిగా, పైపు దించిన రోజే తనకు అనుమానం వచ్చిందని చెప్పాడు. మరి చెప్పలేదేమని అడిగితే, "మీరు ప్లాంటులో పెద్ద ఇన్‌స్పెక్టర్ గారు కదండీ. తెలిసే చేస్తున్నారనుకున్నాను" అన్నాడు. నాకు సిగ్గేసింది. సైటులో వెల్డర్లు కూడా నా ముందు ఇలాగే ఎన్నిసార్లు ఊరుకున్నారో అన్న ఆలోచన అప్పుడే మొదటిసారి వచ్చింది.

ఆ బరువుతో ఆ చిన్న ఇంజను తిన్నగా ఉన్న రోడ్డు మీద కూడా మిగతా కార్లను అందుకోలేదు. బ్రేకులు నాలుగు రౌండ్లకే వేడెక్కి మొరాయిస్తాయి. రేసుకు మూడు వారాలుంది. పది పొట్టేళ్లూ అయిపోయాయి. సైదులు కాంటా మీది కారు చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ మీద చెయ్యి వేసి, "పోనీ తియ్ బావా, ఇంతదాంక వచ్చినం" అన్నాడు. నన్ను ఓదార్చడానికి అన్న ఆ మాట తిట్టినదానికంటే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ సాయంత్రం గరిడేపల్లి వెళ్లి తప్పు నాదేనని, ఆ పంజరం కోసేసి పలచటి పైపుతో మళ్లీ కట్టాలని చెల్లెలికి చెప్పాను. మంగమ్మ అంతా విని, కోసేసిన పైపులు ఏం చేస్తావని అడిగింది. పాత సామాను కొట్టుకు వేస్తానన్నాను.

"వెయ్యకు. దొడ్లకు కుక్కలు కంప దూరి వస్తున్నయ్. ఆ పైపులతోని నాకు దొడ్డి తలుపు చేసి పెట్టు. పదకొండో పొట్టేలును ఇస్త" అంది. తర్వాత సైదులు వైపు తిరిగి, "నీ కోసం కాదు, తలుపు కోసం" అని చేర్చింది. సైదులు తల వంచుకుని మీసాల్లో నవ్వుకున్నాడు.

మరుసటి ఆదివారం కోదాడలో నా అతుకులను నేనే కోశాను. పదేళ్లలో ఎవరూ కోయించని చేతి పని. రామారావు మరీ పక్కకు తిరిగి నవ్వుకోనవసరం లేదు కానీ, నవ్వాడు. కాసేపటికి నాకూ నవ్వొచ్చింది. సరిగ్గా రూల్ ప్రకారం రెండున్నర మిల్లీమీటర్ల పైపుతో, రెండు ఆదివారాల్లో, ఒక వారం సెలవు పెట్టి కొత్త పంజరం కట్టాను. ఈసారి ప్రతి ముక్కకూ ముందు రామారావును అడిగాను. అతనూ మొహమాటం వదిలేశాడు. "ఇది తీసేయండి సార్, ఇక్కడ దండగ" అంటూ నాలుగు చోట్ల నన్ను ఆపాడు. మిర్యాలగూడ కాంటా మీద అయిదు వందల తొంభై చూపించింది. "రెండు బస్తాల వడ్లు దించినరు" అంది పద్మ.

కారును సైదులు గొర్రెల బండిలోకే ఎక్కించి చెన్నై తీసుకెళ్లాం. రేసుకు ముందు తనిఖీ ఉంటుంది. తనిఖీ అధికారి పంజరం పైపుకు చిన్న రంధ్రం వేయించి, దాంట్లోంచి మందం కొలిచాడు. పైపుల్లో రంధ్రాలు లేకుండా చూడటానికే జీతం తీసుకున్నవాణ్ని, ఆ కొలత అయ్యేదాకా నేను ఊపిరి తీసుకోలేదు. అతుకులన్నీ తడిమి చూసి బాగున్నాయన్నాడు. తర్వాత సీటు కిందికి వంగి, రెండు వేళ్లతో ఒక గొర్రె పెంటిక తీసి, కారులో వదులు వస్తువులేవీ ఉండకూడదని చాలా గంభీరంగా చెప్పాడు. సైదులు అంతే గంభీరంగా కారు మళ్లీ ఊడ్చాడు.

పదహారు కార్లు, పది రౌండ్లు. సైదులు పద్నాలుగో చోటు నుంచి బయల్దేరాడు. మొదటి రెండు రౌండ్లలోనే కుర్రాళ్లు మలుపుల్లోకి దూసుకుపోయి, లోపల బ్రేకులు తొక్కి, జారి గడ్డిలోకి వెళ్లారు. సైదులు మలుపుకు ముందే, కారు తిన్నగా ఉండగానే వేగం తగ్గించి, మెత్తగా తిప్పి, మళ్లీ పెంచుకుంటూ పోయాడు. ఎక్కడా కుదుపు లేదు. చివరికి ఏడో స్థానంలో గీత దాటాడు. సైటులో ఎన్నడూ గొంతెత్తని నేను ఆ రోజు అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాను. ఉద్యోగంలో నాకొచ్చిన ఏ ప్రమోషనూ అంత సంతోషం ఇవ్వలేదు.

ఇంత సాఫీగా ఎలా నడిపావని రామారావు అడిగితే, సైదులు హెల్మెట్ తీసి, చెమట తుడుచుకుని చెప్పాడు: "ఎనక గొర్లున్నయనుకొనే నడిపిన. మలుపుల బిరేకేస్తే ఒకదాని మీద ఒకటి పడి, అడుగుది సస్తది."

మిగిలిన ఎనిమిది నెలల సర్వీసులో నేను ఏ అతుకు చూడబోయినా, నోరు విప్పే ముందు వెల్డర్‌ను అడిగేవాణ్ని, నీకేమనిపిస్తోందని. కొందరు చెప్పారు. అడిగినంత బలం ఇవ్వడమే మా పని అనీ, అంతకు మించి వేసింది ఎవరో ఒకరు మోయవలసిన బరువనీ నేను నేర్చుకున్నది ఆ కారు దగ్గరే.

నేర్చుకున్నానని అనుకున్నాను. మాట ప్రకారం ఆ మందపాటి పైపులతో మంగమ్మకు దొడ్డి తలుపు చేసి బిగించాను. వారం తిరక్కుండా ఫోన్ చేసింది. "అన్నా, కుక్కలు వస్తలేవు. గొర్లు కూడ పోతలేవు. ఆ తలుపు తియ్యాలంటే ఇద్దరు మనుషులు కావాలె."

ఆదివారం వెళ్లి, అడ్డపైపుల్లో సగం కోసేశాను. ఇప్పుడు ఒంటి చేత్తో తీస్తోంది.