టొంగాటాంగ్‌లో నా వంతు

నా స్థానంలో ఇంకొకరిని ఎప్పుడు పెట్టుకున్నారని ఆరేళ్లుగా అడుగుతున్నాను. ఒక్కరూ జవాబు చెప్పలేదు. నిన్న మా తోడల్లుడు మా కుటుంబాల వాట్సాప్ గ్రూపులో ఆనాటి ప్రదర్శన వీడియో పెట్టి, పాత రోజులెంత బావుండేవో అని రాశాడు. దాని కిందే నా ప్రశ్న మళ్లీ పెట్టాను. అందరూ చూశారు. తరవాత ఎవరో గుత్తివంకాయ ఫోటో పెడితే దానికి మాత్రం చప్పట్లు కొట్టారు.

కాలిఫోర్నియా శాన్ రామన్‌లో మా ఎదురింటి ఆంటీది ఫిలిప్పీన్స్ కొండప్రాంతం. నర్సుగా రిటైరయ్యారు. ఆమె గ్యారేజీలో కారుకు బదులు వెదురు గొట్టాలుండేవి. వాటిని టొంగాటాంగ్ అంటారు. ఆరు గొట్టాలు, ఒక్కోటీ ఒక్కో పొడవు. అడుగున కణుపుతో మూసి, పైన తెరిచి ఉంటుంది. నిలువుగా పట్టుకుని రాతిపలక మీద దంపితే ఖాళీ కుండలో మాట్లాడినట్టు మోగుతుంది. పై మూతిని అరచేత్తో మూస్తే గొంతు మారుతుంది. మనిషికో గొట్టం. ఒకరి దెబ్బకూ ఇంకొకరి దెబ్బకూ మధ్య సందులో మూడోవారి దెబ్బ పడాలి, అప్పుడే పాట. ఇద్దరు తక్కువయ్యారని ఆమె నన్ను పిలిస్తే, మా తోడల్లుణ్ణి వెంటబెట్టుకెళ్లాను. అతణ్ణి అక్కడ చేర్చింది నేనేనని ఎవరికీ గుర్తులేదు.

ప్రతి శనివారం సాధన. మధ్యలో ఆంటీ బియ్యప్పిండి ఆవిరి కుడుములు పెట్టేవారు, మన ఇడ్లీకి తియ్యటి చుట్టాలు. నువ్వొక్కడివి రాకపోతే పాటకు ముందుపన్ను ఊడినట్టుంటుందని ఆమె అనేవారు. ఆఫీసులో నేను లేని మీటింగులు చక్కగా జరిగిపోయేవి. అందుకని ఆ మాట పట్టుకుని వారమంతా బతికేవాణ్ణి. నా దెబ్బ వెంట్రుకవాసి ముందు పడుతోందని మా తోడల్లుడు గొణిగేవాడు. మిగతా అయిదుగురే వెనకబడుతున్నారని నేను చెప్పాను. ప్రతి శనివారమూ చెప్పాను.

లైబ్రరీ పచ్చికలో ప్రదర్శన రోజు పొద్దున అతను ఫోన్ చేశాడు. "టైమ్ మారింది అన్నయ్యా. ఫైవ్‌కి రండి, హడావిడి పడకండి."

నేను నాలుగున్నరకే వెళ్లాను. పార్కింగ్‌లో కారు తలుపు తీయగానే పాట వినిపించింది. నిండుగా ఉంది, ఎక్కడా పన్ను ఊడలేదు. నా దెబ్బ కూడా దాని చోట అది పడుతోంది. నా గొట్టం మాత్రం మా ఆవిడ పాత చీరలో చుట్టి వెనక సీటులోనే ఉంది.

వెళ్లి చూస్తే నా చోట ఆంటీ చర్చి స్నేహితురాలు. ఆమె చేతిలో సరిగ్గా నా గొట్టమంత పొడవున్న కొత్తది, బాగా ఎండి తేనెరంగుకు తిరిగింది. అదెప్పుడు కోశారని అడిగాను. ఆంటీ రాతిపలక వైపు చూశారు.

"తర్వాత మాట్లాడుకుందాం అన్నయ్యా, ముందు కేక్ తినండి," అన్నాడు తోడల్లుడు.

తినలేదు. పచ్చి వెదురు ఎండడానికి నెలలు పడుతుందని నాకు చెప్పింది ఆంటీయే. అంటే దాన్ని కోసి ఆరబెట్టాక కూడా నన్ను రమ్మన్నారు, కుడుములు పెట్టారు, నేను లేనిదే పాట లేదన్నారు. ఆమె ఇప్పుడు కూతురి దగ్గర వేరే రాష్ట్రంలో ఉన్నారు. క్రిస్మస్‌కు కార్డు వస్తుంది, అందులో జవాబుండదు.

పోయిన ఆరేళ్ల గురించి నాకు బెంగ లేదు. ఆ వెదురు ఎండిన కొద్ది నెలల్లో ఏ శనివారం వరకు నేను నిజంగా కావలసినవాణ్ణో తెలియక, అంతకు ముందటి శనివారాలు కూడా నావి కాకుండా పోతున్నాయి. తోడల్లుడుగారూ, ఆ వెదురు కోసిన తేదీ చెప్పండి.