పాత డ్రాగన్, కొత్త కత్తి

కంప్యూటర్ ఆటకు అదనపు సీడీ వేస్తే ఆట పెరుగుతుందంటారు. పెరుగుతుంది, కాదనను. కానీ పెరిగిందంతా బాగుంటుందని ఎవడైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో బీరంగూడలో ఒక డాబా మీది గదిలో ముగ్గురం కిరాయికి ఉండేవాళ్లం. ముగ్గురమూ జిన్నారం దగ్గర ఒకే మందుల కంపెనీలో కెమిస్టులం. షిఫ్టులు వేరు కాబట్టి ఒకడు పోతుంటే ఇంకొకడు వచ్చేవాడు. కలిసి అన్నం తిన్న రోజులు తక్కువ. గదిలో కంప్యూటర్ ఒకటే, అది మాలో వయసులో రెండోవాడిది. అందులో ఆట కూడా ఒకటే. కత్తి పట్టుకొని ఊళ్లు తిరిగి, దొంగలను కొట్టి, మంత్రాలు నేర్చి, చివరికి నల్లకొండ మీది డ్రాగన్‌ను చంపాలి. వీరుడూ ఒక్కడే. మాలో పెద్దవాడు, మేం అన్న అని పిలిచే ఆయన, ఆ వీరుణ్ణి మొదలుపెట్టాడు.

ప్లాంటులో ఒక షిఫ్టువాళ్లు వదిలిన చోటు నుంచి రెండో షిఫ్టువాళ్లు మందు బ్యాచ్ అందుకుంటారు. మేం వీరుణ్ణి కూడా అలాగే అందుకునేవాళ్లం. "వంతెన దాటించిన తమ్మీ, ఇగ మంత్రగాడితోని మాట్లాడు," అని చెప్పి అన్న పడుకునేవాడు. ఆట ఆగిన చోటును దాచే సేవ్ కూడా ఒక్కటే, పాత సేవ్ మీదే కొత్త సేవ్. ఒక రియాక్టర్‌లో రెండు బ్యాచ్‌లు ఉండవు కదా! ఇంకో కాపీ పెట్టుకోవచ్చని అన్ని డిగ్రీలు చదివిన మాలో ఒక్కడికీ తట్టలేదు.

మొదటి అదనపు సీడీ మంచుదేశాన్ని తెచ్చింది. దానికి దండం పెట్టాలి. అక్కడ మనుషులున్నారు, వాళ్లకు పగలూ ప్రేమలూ ఉన్నాయి. ఒక ముసలి జాలరి కొడుకు కోసం మేం వంతులవారీగా వెతికాం, దొరికిన రోజు నాకు నిజంగా కళ్లల్లో నీళ్లొచ్చాయి. లోపమల్లా ఒకటే. అక్కడి కత్తితో పాత ఊళ్లకు తిరిగొస్తే దొంగలు అది తాకితే చాలు పడిపోయేవారు. అంతకుముందు మమ్మల్ని వణికించిన అడవిలో ఈల వేసుకుంటూ తిరిగాం. ఛీ, అదేం ఆట!

అప్పుడే అన్నకు విశాఖ వైపు ప్లాంటుకు బదిలీ అయింది. ఆదివారం సాయంత్రం బస్సు. "పోయేలోపల ఆ డ్రాగన్‌ను నా చేత్తోని సంపాలె. గంతే ఇగ," అన్నాడు.

సరిగ్గా ఆ వారమే రెండోవాడు రెండో అదనపు సీడీ ఎక్కించాడు. వీరుణ్ణి పాతాళనగరంలోకి దింపి, సేవ్ చేసి, హాయిగా డ్యూటీకి పోయాడు. దిగితే తలుపు మూసుకుంటుంది. లోపలున్న రాణిని చంపితే తప్ప బయటికి రాలేం. నా వంతుకు కూర్చున్నప్పుడు సంగతి తెలిసింది. వాడు రాగానే దొరకబుచ్చుకున్నాను.

"దిమాగ్ ఉందా నీకు? అన్న ఆదివారం పోతుండు, గిప్పుడు గా బొందల ఎందుకు దింపినవ్‌రా?"

"జెర సూద్దామని దింపిన. తలుపు మూసుకుంటదని నాకేం ఎరుక భై!"

అన్న మాత్రం తిట్టలేదు. "మొదలైన బ్యాచ్‌ను మధ్యల ఇడిసిపెడతమా? పట్టుండ్రి," అన్నాడు.

మా అదృష్టం, ఆదివారం ప్లాంటు షట్‌డౌన్. ముగ్గురికీ ఒకేసారి సెలవు. పొద్దున్నే చాయ్ తాగి కూర్చున్నాం. ఆ పాతాళనగరమంత దిక్కుమాలిన చోటు ఇంకోటి లేదు. ఆకాశం లేదు, కథ లేదు, పలకరించే మనిషి లేడు, ఏ తలుపు తీసినా రాక్షసులే. కానీ పోరాటం మాత్రం గట్టిది, అది ఒప్పుకోవాలి. మంచుదేశపు కత్తి అక్కడ పారలేదు. మళ్లీ బుర్ర వాడాల్సి వచ్చింది. కత్తి తిప్పడం అన్నకు వచ్చు, విల్లు రెండోవాడికి, మంత్రాలు నాకు. "లెవ్ లెవ్, గిక్కడ నిప్పు మంత్రం!" అంటూ ఒకణ్ణొకడు కుర్చీలోంచి నెట్టుకుంటూ ఆడాం. మధ్యాహ్నానికి రాణి కూలింది, తలుపు తెరుచుకుంది.

ఇక నల్లకొండ. రాణి దగ్గర దొరికిన కత్తి తగిలితే డ్రాగన్ ఒక్క దెబ్బకు పోతుంది. "టైం లేదన్నా, కొట్టెయ్," అన్నాడు రెండోవాడు.

"ఒక్క దెబ్బకు పోతే నేను సంపినట్టా, సీడీ సంపినట్టా?" అంటూ అన్న ఆ కత్తిని తీసి నేల మీద పారేశాడు. పాత ఆటలో సంపాదించిన కత్తితోనే కొండెక్కాడు. బస్సు వేళ దగ్గరపడుతోంది, నేనేమో అన్న పెట్టె సర్ది గుమ్మం దగ్గర పెట్టాను.

డ్రాగన్ మమ్మల్ని మళ్లీ మళ్లీ కాల్చి పారేసింది. ఆఖరుసారి వీరుడి ప్రాణం కొసకొచ్చింది. మౌస్ అన్న చేతిలో ఉంది. నేను ఒక పక్క నుంచి మంత్రం మీట నొక్కాను, రెండోవాడు ఇంకో పక్క నుంచి విల్లు మీట. డ్రాగన్ కొండ విరిగినట్టు ఒరిగి పడిపోయింది. మేం వేసిన కేకకు గది దద్దరిల్లింది.

కింద ఉండే ఇంటామె రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది. "ఏమైందయ్యా? కంపెనీల ఏమన్న పేలిందా?"

"డ్రాగన్ సచ్చిందమ్మా!" అని అరిచాను.

"అదేంది? ఎవరు సంపిండ్రు?"

‘నేను’ అని చెప్పడానికే అన్న నోరు తెరిచాడు. ఆగాడు. మా ఇద్దరి మెడల చుట్టూ చేతులు వేసి దగ్గరికి లాక్కున్నాడు.

"మూడు షిఫ్టులోళ్లం కలిసి సంపినమమ్మా!"